పెళ్లి వీడియోలు దాచే పెట్టె గురించి అబ్బయ్యకు

ఒంగోలు

చిరంజీవి అబ్బయ్యకు,

అత్తయ్య దీవెనలు. ఆదివారం నువ్వు ఫోను చేసి, ఎనిమిది టెరాబైట్ల హార్డ్ డిస్కులు నాలుగు కొన్నాననీ, స్టూడియోలో డెబియన్ (లినక్స్ రకపు ఆపరేటింగ్ సిస్టమ్) పెట్టి ఫైళ్లు దాచే ఒక సర్వర్ కట్టుకుంటాననీ, ఏ ఫైల్ సిస్టమ్ (డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతి) వాడాలో ఒక్క మాటలో చెప్పమనీ అడిగావు. ఒక్క మాటలో చెబితే అది నీకు కీడే అవుతుంది. కాలేజీ ల్యాబులో ఇన్నేళ్లు ఈ డిస్కులతోనే బతికినదాన్ని. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు నా చేతి మీదుగా జరిగిన ఒక నష్టం చెప్పాలి. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు. 2011లో ఇక్కడ తెలిసినవాళ్ల స్టూడియోకు నేనే ఒక మిషను సిద్ధం చేసి ఇచ్చాను. ఒక్కొక్కటి టెరాబైటు ఉండే డిస్కులు మూడు, ఒకే దుకాణంలో, ఒకే రోజు కొన్నవి, రెయిడ్ 5లో, అంటే సరుకును డిస్కులన్నింటికీ పంచి, ఒకటి పోతే తిరిగి కట్టుకోవడానికి సరిపడా లెక్క కూడా రాసే ఏర్పాటులో, పెట్టాను. ఒక డిస్కు పోయినా మిగతా రెండింటి నుంచి అంతా తిరిగి వస్తుందని వాళ్లకు ధైర్యం చెప్పాను. ఆ మరుసటి వేసవిలో ఒకటి పోయింది. కొత్తది తగిలించి, తిరిగి నింపే పని మొదలుపెట్టాను. అప్పుడు మిగిలిన రెండింటినీ మొదటి నుంచి చివరి వరకు చదవాలి కదా. సగం దాటాక రెండో డిస్కులో కొన్ని చోట్లు చదవడానికి రాలేదు. అవి ఎప్పుడు పాడయ్యాయో ఎవరికీ తెలియదు, ఎందుకంటే అప్పటిదాకా ఆ చోట్లను ఎవరూ చదవలేదు. మొత్తం ఆగిపోయింది.

అందులో టంగుటూరు దగ్గరి ఒక పల్లెలో జరిగిన పెళ్లి వీడియో ఉంది. పెళ్లయిన మూడు నెలలకు పెళ్లికూతురి తండ్రి చనిపోయాడు. ఆయన నడుస్తూ, నవ్వుతూ, వచ్చినవాళ్లను పలకరిస్తూ కనిపించేది ఆ ఒక్క వీడియోలోనే. ఆ తల్లి వచ్చి స్టూడియో మెట్టు మీద కూర్చుని, "ఆయన గొంతు ఒక్కసారి వినిపిస్తే చాలమ్మా" అంది. ఆల్బమ్ కోసం పెన్‌డ్రైవ్‌లో పెట్టిన నలభై ఫొటోలు తప్ప ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. ఫొటోల్లో గొంతు ఉండదు.

తప్పు ఎక్కడుందో తర్వాత తీరికగా వెతికాను. అప్పటి డెబియన్ నెల మొదటి ఆదివారం అర్ధరాత్రి దాటాక రెయిడ్ మొత్తాన్ని తనంతట తానే చదివి చూసుకునేది. కరెంటు ఖర్చని, వేడెక్కుతుందని, రాత్రి మిషను ఆపేసి తాళం వేయమని స్టూడియో వాళ్లకు చెప్పింది నేనే. ఏడాది పొడవునా ఆ తనిఖీ ఒక్కసారి కూడా జరగలేదు. జరిగి ఉంటే రెండో డిస్కు సంగతి ముందే తెలిసేది. ఇక వేరే చోట ఇంకో ప్రతి ఉంచకపోవడం అంతకంటే పెద్ద తప్పు. రెయిడ్ అనేది డిస్కు పోయినా పని ఆగకుండా చూసే ఏర్పాటు మాత్రమే. ఫైలు చెరిగిపోతే అన్ని డిస్కుల్లోనూ ఒకేసారి చెరిగిపోతుంది.

ఇప్పుడు నీ ప్రశ్నకు వస్తాను. ఈఎక్స్‌టి4 అనే ఫైల్ సిస్టమ్ మంచిదే. 2008 డిసెంబరులో లినక్స్ 2.6.28తో స్థిరమైనదిగా వచ్చింది. నా ఇంట్లో కంప్యూటర్‌కు ఇప్పటికీ అదే. కరెంటు హఠాత్తుగా పోయినా జర్నల్ (చేయబోయే మార్పులు ముందే రాసుకునే చిట్టా) చూసుకుని లేచి నిలబడుతుంది. కానీ ఫైలు లోపలి సరుకు రాసింది రాసినట్టే ఉందా అన్నది అది చూడదు. డిస్కు తప్పు అక్షరం ఇస్తే అదే నీ చేతిలో పెడుతుంది. రెండు డిస్కుల మీద ఒకే సరుకు ఉంచే మిర్రర్ కట్టుకున్నా, రెండు ప్రతులూ వేర్వేరుగా ఉన్నప్పుడు ఏది సరైనదో మామూలు రెయిడ్‌కు తెలియదు. బ్రౌన్ దొర ఒకే కావ్యానికి ఎన్నో తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితుల చేత పక్కపక్కన పెట్టించి పాఠం తేల్చేవాడు. పండితుడికి అర్థం తెలుసు, ఛందస్సు తెలుసు, కాబట్టి తప్పును పట్టుకోగలడు. డిస్కుకు ఆ రెండూ తెలియవు. దానికి వేరే ఆధారం కావాలి.

ఆ ఆధారాన్ని చెక్‌సమ్ అంటారు, సరుకు నుంచి లెక్కగట్టి తీసిన చిన్న సంఖ్య అది. నెల్లూరులో లారీకి బియ్యం ఎత్తేటప్పుడు బస్తాల లెక్క డ్రైవరు నోటి మాట మీద వదలరు కదా, మిల్లు పుస్తకంలో రాసుకుంటారు. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ చేసేది అదే. ప్రతి ముక్క లెక్కనూ ఆ ముక్క పక్కన కాకుండా, దానికి పైనున్న ముక్కలో రాస్తుంది. చదివిన ప్రతిసారీ సరిచూస్తుంది. మిర్రర్‌లో ఒక ప్రతి లెక్క తప్పితే రెండో ప్రతి నుంచి మంచిది నీకిచ్చి, చెడిన చోట దాన్నే తిరిగి రాస్తుంది. ఉన్న సరుకు మీద కొత్తది రుద్దదు, వేరే చోట రాసి ఆ తర్వాత చిరునామా మారుస్తుంది. అందువల్ల కరెంటు పోతే చివరి కొన్ని సెకన్ల పని పోవచ్చు గానీ పాతది చెక్కుచెదరదు.

దీన్ని సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్లు తయారుచేసి 2005లో ఓపెన్ సోర్స్‌గా విడుదల చేశారు. వాళ్ల లైసెన్సుకూ లినక్స్ లైసెన్సుకూ పొత్తు కుదరదని చెప్పి దీన్ని కెర్నల్‌లో, అంటే లినక్స్ గుండెకాయలో, కలపలేదు. నీకు దీనివల్ల వచ్చే చిక్కు ఒక్కటే. డెబియన్‌లో కెర్నల్ మారిన ప్రతిసారీ జెడ్‌ఎఫ్‌ఎస్ మాడ్యూల్, అంటే కెర్నల్‌కు తగిలించే ముక్క, మళ్లీ తయారవ్వాలి. మూఢం పోయి ముహూర్తాలు మొదలయ్యాక, చేతినిండా పని ఉన్నప్పుడు కెర్నల్ జోలికి పోవద్దు. ఆషాఢంలో తీరికగా చేసుకో. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్ అయితే 2009 నుంచి కెర్నల్‌లోనే ఉంది, ఇదీ చెక్‌సమ్ చూస్తుంది, మిర్రర్‌కు బాగానే పనిచేస్తుంది. కానీ అందులో రెయిడ్ 5, 6 నమ్మి వాడవద్దని దాన్ని తయారుచేసినవాళ్లే రాసి పెట్టారు. నీకైతే జెడ్‌ఎఫ్‌ఎసే పెట్టుకోమంటాను.

నాలుగు డిస్కులనూ రెండు జోడీలుగా మిర్రర్ కట్టు. సగం స్థలం పోతుందని బాధపడతావని తెలుసు. పోనీ. ఒక డిస్కు పోతే దాని జోడీని ఒక్కదాన్నే చదివితే చాలు, మిగతావాటికి శ్రమ ఉండదు. రేపు స్థలం చాలకపోతే మరో జోడీ తెచ్చి కలుపుకోవచ్చు. నీకు కనిపించే స్థలం పద్నాలుగున్నర టెరాబైట్ల దగ్గర ఉంటుంది. దుకాణంవాడు మోసం చేశాడనుకోకు, కంపెనీవాళ్లు వెయ్యితో లెక్కిస్తారు, మిషను 1024తో లెక్కిస్తుంది. ఆ స్థలాన్ని అంచుదాకా నింపవద్దు, నూటికి ఎనభై వంతులు దాటితే కొత్త డిస్కుల ఆలోచన చేయి. పూల్, అంటే ఈ డిస్కులన్నీ కలిసిన నిల్వ, తయారుచేసేటప్పుడు ఏషిఫ్ట్ (డిస్కు మీద రాసే గడి కొలత) 12 అని తప్పక ఇవ్వు. ఒకసారి తప్పు పడితే ఆ జోడీకి మళ్లీ మార్చుకునే దారి లేదు.

కొన్న డిస్కుల మోడల్ నంబరు పెట్టి సీఎంఆర్, అంటే గీతలు విడివిడిగా ఉండే రకం, అవునో కాదో చూడు. ఎస్ఎంఆర్ అయితే తిరిగి ఇచ్చేసెయ్. మన పాత పెంకుటింట్లో ఒక పెంకు మార్చాలంటే పైనున్నవాటిని ఎత్తాలి, గుర్తుందా? ఎస్ఎంఆర్ డిస్కులో సరుకు రాసే గీతలు అలాగే ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి. మామూలుగా ఫైళ్లు దాచుకుంటే తెలియదు, చెడిన డిస్కు మార్చి నింపేటప్పుడు గంటల్లో అయ్యే పని రోజులు పడుతుంది.

ఇంకొకటి. తెల్ల ప్లాస్టర్ ముక్క మీద ప్రతి డిస్కు సీరియల్ నంబరులో చివరి నాలుగు అక్షరాలు రాసి, ముందువైపు అంటించు. పూల్‌లో కూడా ఆ నంబరుతో వచ్చే పేర్లే వాడు. లినక్స్ డిస్కులకు వరుసగా ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్న పేర్లు మిషను ఆపి పెట్టినప్పుడు తారుమారు కావచ్చు. చెడినదనుకుని మంచి డిస్కును పీకేసినవాళ్లను నేను కళ్లారా చూశాను.

డెబియన్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్ తనిఖీ, అంటే స్క్రబ్, నెలలో రెండో ఆదివారం అర్ధరాత్రి దాటాక మొదలవుతుంది. ఆ శనివారం రాత్రి మిషను ఆపవద్దు. ఆపక తప్పకపోతే సోమవారం నీ చేత్తో మొదలుపెట్టు. క్యాలెండరులో ఇప్పుడే గుర్తు పెట్టుకో. స్మార్ట్ నివేదికలో, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే చెప్పేదాంట్లో, 197వ వరుస (చదవడానికి రాని చోట్ల లెక్క) సున్నా కాకుండా మారితే ఆ రోజే కొత్త డిస్కుకు చెప్పెయ్. రోహిణి కార్తెలో డిస్కు వేడి నలభై అయిదు డిగ్రీలు దాటకుండా చూసుకో. యూపీఎస్‌ను యూఎస్‌బీ తీగతో కలుపు, బ్యాటరీ అయిపోకముందే మిషను తనంతట తాను ఆగిపోయేలా పెట్టు.

స్నాప్‌షాట్లు, అంటే ఆ క్షణానికి ఫైళ్లు ఉన్న స్థితిని పట్టి ఉంచేవి, గంటకొకటి తీయించు. ఎడిటింగ్ చేసే కుర్రవాడు పొరపాటున ఫోల్డర్ తీసేసినా, విండోస్ మిషను మీద వైరస్ పడి ఫైళ్లన్నీ గిలకొట్టినా, అంతకుముందు గంట దగ్గరికి వెనక్కి వెళ్లవచ్చు. ఆ కుర్రవాడికి మాత్రం సర్వర్ పాస్‌వర్డ్ ఇవ్వకు.

అయినా ఇవన్నీ ఒకే పెట్టెలో, ఒకే గదిలో ఉంటాయి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. నీ స్టూడియో నేలమట్టం గదిలో ఉంది. అందుకని బయటి డిస్కులు రెండు కొను. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో సెండ్ అని ఉంది, పోయినసారికీ ఇప్పటికీ మారినదాన్ని మాత్రమే పంపుతుంది, కాబట్టి గంటల పని కాదు. ఒకటి నీ దగ్గర, ఒకటి నా దగ్గర, పదిహేను రోజులకోసారి మార్చుకుందాం. ఇవి పరాయి ఆడపిల్లల పెళ్లిళ్లు, దారిలో పోతే ఎవరి చేతిలోనో పడతాయి. లక్స్ అనే లినక్స్ ఎన్‌క్రిప్షన్‌తో తాళం వేసి తీసుకురా. లక్స్ హెడర్ (డిస్కు మొదట్లో తాళం వివరాలుండే భాగం) ప్రతి ఒకటి విడిగా దాచు, అది పాడైతే పాస్‌వర్డ్ తెలిసినా తలుపు తెరుచుకోదు. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి మీ అమ్మకు ఇవ్వు.

కెమెరా కార్డు విషయం బాగా గుర్తుంచుకో. సర్వర్‌లో ఒకటి, బయటి డిస్కులో ఒకటి, రెండు ప్రతులూ పడ్డాకే కార్డు ఫార్మాట్ చేయి. మర్నాడు ఇంకో పెళ్లి ఉంటే ఇంకో కార్డు కొను.

రెండు నెలలకోసారి నీకు తోచిన ఒక పెళ్లిని బయటి డిస్కు నుంచి వేరే మిషనులోకి తీసి తెరువు. ఫైళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి వదిలేయకు. వీడియో పెట్టి, మధ్యలో ఎక్కడో ఒక చోట ఆపి, మాట వినపడుతుందా అని చెవి పెట్టి విను.

మొదటి డిస్కు ఎల్లుండి శనివారం వచ్చేటప్పుడు తీసుకురా. బస్సులో పైన పెట్టకు, తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకో. బీరువాలో చీరల కింది అర ఖాళీ చేసి ఉంచాను.

ఇట్లు,
మీ అత్తయ్య