లింకులన్నీ యాక్టివ్, లొకేషన్ అప్‌డేట్ మాత్రం టైమ్‌అవుట్. ఎక్కడ చూడాలి?

ప్రశ్న: మొబైల్ నెట్‌వర్క్ ఎస్‌ఎస్7 సిగ్నలింగ్‌లో కొత్త ఎస్‌టీపీ (సిగ్నలింగ్ మెసేజ్‌లకు దారి చూపే రూటర్) మీదుగా ఎంఎస్‌సీని (కాల్స్ కలిపే స్విచ్) హెచ్‌ఎల్‌ఆర్‌తో (చందాదారుల ప్రధాన డేటాబేస్) కలిపాం. లింకులు యాక్టివ్, రూట్లు అలౌడ్. లొకేషన్ అప్‌డేట్, అంటే ఫోన్ ఎక్కడుందో హెచ్‌ఎల్‌ఆర్‌కి చెప్పే మెసేజ్, అక్కడి దాకా వెళ్తోంది కానీ జవాబు రావట్లేదు. రూటింగ్‌లో ఏం తప్పి ఉంటుంది?

జవాబు: వెళ్లే దారి ఉంది, వచ్చే దారి లేదు. మీరు చెప్పినదాన్ని బట్టి నా అనుమానం అదే. మాదాపూర్‌లో కోర్ నెట్‌వర్క్ సపోర్ట్‌లో ఉన్నప్పుడు ఇలాంటి కేసులే ఎక్కువగా చూశాం.

రూట్ అలౌడ్ అని కనిపిస్తే ఎంటీపీ (మెసేజ్‌ని చేరవేసే కింది పొర) వరకు సరిగా ఉన్నట్టే. అంటే ఈ పాయింట్ కోడ్ (నెట్‌వర్క్‌లో ఒక్కో బాక్స్‌కి ఉండే అడ్రస్) నుంచి ఆ పాయింట్ కోడ్‌కి మెసేజ్ పోతుంది, అంతే. ఏ నంబర్‌కి ఏ పాయింట్ కోడ్ అన్నది దాని పైనున్న ఎస్‌సీసీపీ పొర పని. ఆ నంబర్‌ని గ్లోబల్ టైటిల్ (జీటీ) అంటారు, దాన్ని చూసి పాయింట్ కోడ్ తేల్చడమే గ్లోబల్ టైటిల్ ట్రాన్స్‌లేషన్. ఎస్‌టీపీ ట్రాన్స్‌లేట్ చేసి పంపాక మెసేజ్‌లో పంపినవారి పాయింట్ కోడ్ ఎస్‌టీపీదే అవుతుంది. కాబట్టి హెచ్‌ఎల్‌ఆర్ జవాబు పంపడానికి పాయింట్ కోడ్‌ని నమ్ముకోదు, కాలింగ్ అడ్రస్‌లోని (పంపినవారి అడ్రస్) వీఎల్‌ఆర్ నంబర్‌ని చూస్తుంది. వీఎల్‌ఆర్ అంటే ఎంఎస్‌సీతో ఉండే తాత్కాలిక చందాదారుల డేటాబేస్.

అసలు తిరకాసు ఇక్కడే. లొకేషన్ అప్‌డేట్ వెళ్లేటప్పుడు అడ్రస్ ఐఎంఎస్‌ఐ (సిమ్‌లోని గుర్తింపు నంబర్) నుంచి తయారవుతుంది. 404తో మొదలయ్యే ఐఎంఎస్‌ఐలో దేశం, ఆపరేటర్ కోడ్‌ల బదులు 91, ఆపరేటర్ అంకెలు వస్తాయి. మిగతాది అలాగే ఉంటుంది. ఈ రకం అడ్రస్‌ని ఈ.214 అంటారు, మెసేజ్‌లో దాని నంబరింగ్ ప్లాన్ విలువ 7. జవాబు మాత్రం వీఎల్‌ఆర్ నంబర్‌కి, అంటే మామూలు ఫోన్ నంబర్ల రకమైన ఈ.164కి, విలువ 1. ఎస్‌టీపీలో ఈ రెండింటికీ వేర్వేరు రూల్స్ ఉండాలి. చాలామంది ఈ.214 రాసి, మెసేజ్ హెచ్‌ఎల్‌ఆర్‌కి చేరడం చూసి, పని అయిపోయిందనుకుంటారు.

ఎంఎస్‌సీ దగ్గర ఎర్రర్ కూడా కనిపించదు. ట్రాన్స్‌లేషన్ దొరక్కపోతే ఎస్‌టీపీ యూడీటీఎస్ (మెసేజ్ చేరలేదని చెప్పే నోటీసు) పంపేది జవాబు పంపిన హెచ్‌ఎల్‌ఆర్‌కే, అదీ మెసేజ్‌లో రిటర్న్ ఆన్ ఎర్రర్ (చేరకపోతే తిరిగి చెప్పమనే ఆప్షన్) పెట్టి ఉంటేనే. ఎంఎస్‌సీ వైపు మిగిలేది టైమ్‌అవుట్ మాత్రమే. ఒక నైట్ విండోలో (రాత్రిపూట మార్పులు చేసే సమయం) రెండు టీములూ తమ వైపు అంతా బాగుందని గంటల తరబడి వాదించుకున్నాయి. చివరికి హెచ్‌ఎల్‌ఆర్ వైపు ట్రేస్ (మెసేజ్‌ల రికార్డు) వైర్‌షార్క్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే యూడీటీఎస్‌లు వరసగా ఉన్నాయి, రిటర్న్ కాజ్ 1: ఈ అడ్రస్‌కి ట్రాన్స్‌లేషన్ లేదు. వీఎల్‌ఆర్ నంబర్‌కి ఒక్క రూల్ రాయగానే ఫోన్లు రిజిస్టర్ అయ్యాయి. కాజ్ 0 వస్తే మాత్రం ఆ ప్లాన్‌కి, ఆ రకం అడ్రస్‌కి టేబులే లేదని అర్థం.

కాలింగ్ అడ్రస్‌లో రూటింగ్ ఇండికేటర్ (దేన్ని బట్టి రూట్ చేయాలో చెప్పేది) కూడా చూడండి, అది జీటీ మీదే ఉండాలి. ఎస్‌ఎస్‌ఎన్ (బాక్స్‌లో ఏ అప్లికేషన్‌కో చెప్పే నంబర్) మీద పెట్టి పాయింట్ కోడ్ ఇవ్వకపోతే జవాబు ఎస్‌టీపీ దగ్గరికే వచ్చి ఆగిపోతుంది. అక్కడ వీఎల్‌ఆర్ ఎస్‌ఎస్‌ఎన్ 7 ఎందుకుంటుంది?

పాయింట్ కోడ్ ఫార్మాట్ కూడా సరిచూసుకోండి. 14 బిట్లను 3, 8, 3 బిట్ల భాగాలుగా చూపే 3-8-3లో 2-100-3 అన్నదీ డెసిమల్‌లో 4899 అన్నదీ ఒకటే. ఒక బాక్స్ ఒకలా, ఇంకోటి ఇంకోలా చూపిస్తుంది.

రూల్ దొరకట్లేదు కదా, డిఫాల్ట్‌గా పక్క ఎస్‌టీపీకి తోసేద్దాం అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఆ ఎస్‌టీపీలో కూడా డిఫాల్ట్ ఇటువైపే ఉంటే మెసేజ్ రెండింటి మధ్య తిరుగుతూనే ఉంటుంది. ఎంటీపీలో ఐపీ టీటీఎల్ లాంటిది (ఇన్ని చోట్లు దాటాక మెసేజ్‌ని పడేసే లెక్క) లేదు, ఎస్‌సీసీపీ మామూలు మెసేజ్ రకమైన యూడీటీలో హాప్ కౌంటర్ కూడా లేదు. పొడిగించిన రకం ఎక్స్‌యూడీటీలో అయితే ఉంది. లింకులు నిండిపోయేదాకా ఎవరికీ తెలియదు, తెలిసేసరికి మంచి ట్రాఫిక్ కూడా పోతుంది. నా మటుకు డిఫాల్ట్ రూల్ కంటే ఎర్రర్ కొట్టడమే మేలు.

రూల్ రాశాక టెస్ట్ సిమ్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే సరిపోదు. వీఎల్‌ఆర్‌లో పాత రికార్డు పూర్తిగా ఉంటే అసలు హెచ్‌ఎల్‌ఆర్‌ని అడగకుండానే అటాచ్ అయిపోవచ్చు. ముందు ఆ సబ్‌స్క్రైబర్‌ని వీఎల్‌ఆర్ నుంచి తీసేసి, ఎస్‌టీపీకి రెండు వైపులా ట్రేస్ పెట్టి, అప్పుడు ఆన్ చేయండి.