సముద్రం ఫోటోలు తీస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన ఫోటోలు, వాటి కింద రాసిన నాలుగేసి వాక్యాలు కుదురుగా కూర్చుని చూశాను. ఫోటోల్లో సరుకుంది. రాతల్లోనే పస తక్కువైంది. ఒకావిడ ఎండు చేపల మీద పట్టా కప్పుతున్న ఫోటో కింద ‘ప్రకృతి ఒడిలో ప్రశాంత జీవనం’ అని రాశావు. ఆ మాట ఏ ఊళ్లో తీసిన ఏ ఫోటో కిందైనా అతుకుతుంది. పైగా ఆవిడకి ఆ నిమిషాన ప్రశాంతత ఎక్కడిది? పట్టా ఒక కొస చేతిలోంచి జారి గాలికి కొట్టుకుంటోంది. సగం చేపలు ఇంకా వల మీద పరిచినవి పరిచినట్టే ఉన్నాయి. పక్కన పిల్లాడు పట్టా అంచు మీద పెట్టడానికి రాయి మోసుకొస్తున్నాడు. చినుకు పడకముందే నీ ఫోటోలోకి వాన వచ్చేసింది. నువ్వు రాయాల్సింది అది.

వాతావరణం అనగానే అందరూ ఆకాశం వంక చూస్తారు. నువ్వు పని చేసుకునేవాళ్ల వంక చూడు. విశాఖ ఆర్కే బీచ్‌లో మొక్కజొన్న పొత్తులు కాల్చే బండి దగ్గర ఒక సాయంత్రం నిలబడితే గాలి సంగతంతా తెలుస్తుంది. గాలి స్తంభించిన రోజు అతని చెయ్యి విసనకర్ర వదలదు. సముద్రపు గాలి జోరుగా ఉంటే విసనకర్ర పక్కన పడేసి, బొగ్గులకి రేకు అడ్డం పెట్టుకుంటాడు, నిప్పురవ్వలు రోడ్డు వైపు ఎగురుతుంటాయి. ఆ రేకునీ రవ్వల్నీ దగ్గరగా తియ్యి. వేరే మబ్బు ఫోటో అక్కర్లేదు.

అలివి వల, అదే ఒడ్డు మీద నిలబడి లాగే పెద్ద వల, లాగేటప్పుడు నువ్వు తీసిన ఫోటో బాగుంది, కానీ ఒక్కటే తీసి వెళ్లిపోయావు. ఆ పని గంటల తరబడి సాగుతుంది. రెండు తాళ్లు, రెండు వరసల మనుషులు. వెనక్కి అడుగులేస్తూ లాగుతారు. వరస చివరికి చేరినవాడు తాడు వదిలి మళ్లీ నీళ్ల దగ్గరికి నడిచొచ్చి ముందు పట్టుకుంటాడు. నీటి లాగుడు ఉత్తరానికి ఉంటే ఆ రెండు వరసలూ మొదలుపెట్టిన చోటు వదిలి ఒడ్డు వెంట అలా జరుగుతూనే ఉంటాయి. మొదట ఒకటి, వల బయటపడేటప్పుడు ఒకటి తీసి పక్కపక్కన పెట్టు. వాళ్ల వెనక కనిపించే గోడో, దీపస్తంభమో మారిపోయి ఉంటుంది. కంటికి కనపడని ప్రవాహం ఆ రెండు ఫోటోల మధ్య కనపడుతుంది. ఇక రాయడానికి నీకు రెండు వాక్యాలు చాలు.

వెలుగు గురించి ఒక మాట. మనది తూర్పు తీరం. నీళ్లలోకి దిగిపోయే సూర్యుడు మనకి లేడు, ఆ ఫోటోలు గోవా వాళ్లవి, వాటితో పోటీ పెట్టుకోకు. మన సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు, కొండల వెనక్కి పోతాడు. అందుకే పొద్దున్నే ఒడ్డుకొచ్చే పడవల్ని తీస్తే మనుషులు నల్లటి నీడల్లా పడతారు. అందంగానే ఉంటుంది, కానీ నీ దగ్గర అవి ఇప్పటికే బోలెడున్నాయి. ఒకసారి సముద్రానికి వీపు పెట్టి వెనక్కి తిరుగు. పడవ కోసం తట్టలు పట్టుకుని ఎదురుచూస్తున్న ఆడవాళ్ల ముఖాల మీద ఆ ఎండంతా పడి ఉంటుంది. సాయంత్రం సూర్యుడు కొండ వెనక్కి వెళ్లాక అందరూ ఫోన్లు జేబులో పెట్టేస్తారు. అప్పుడే సముద్రం మీది మబ్బులు రంగు తేలతాయి, కాసేపు ఆగు. ఇంకోటి, సూర్యుడు ఏడాదంతా ఒకేచోట పొడవడు. వేసవిలో ఉత్తరాన కైలాసగిరి కొండ వైపుకి, చలికాలంలో దక్షిణాన డాల్ఫిన్ నోస్ కొండ వైపుకి జరుగుతాడు. జూన్‌లో అయిదున్నర లోపే వచ్చేస్తాడు, డిసెంబరు ఆఖరుకి ఆరు దాటాక గానీ రాడు.

అందుకే నీకు ఒక్క పని గట్టిగా చెబుతున్నా: ఒక చోటు ఎంచుకుని ఏడాదిపాటు దాన్ని వదలకు. యారాడ, రుషికొండ, భీమిలి అని వారానికో బీచ్ తిరగడం సరదాగా ఉంటుంది, ఏ ఒక్కటీ నీకు లోతుగా తెలియదు. బీచ్ రోడ్డు గోడ దగ్గర ఇసుకలోకి దిగే మెట్లున్న చోట నిలబడి, వెళ్లినప్పుడల్లా అక్కణ్నుంచే ఒక ఫోటో తియ్యి. ఒక నెల ఆరు మెట్లు కనిపిస్తాయి, ఇంకో నెల కింద రాళ్లు కూడా బయటపడతాయి, మళ్లీ ఇసుక వచ్చి సగం మెట్లు కప్పేస్తుంది. మన తీరం వెంట ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. 1970ల్లో విశాఖ పోర్టుకి ఔటర్ హార్బర్ (బయటి రేవు) కట్టినప్పుడు వేసిన అడ్డుగోడలు ఆ నడకని ఆపాయి, వాటికి ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కి ఇసుక రావడం తగ్గింది. అందుకే పోర్టు వాళ్లు తవ్వి తీసిన ఇసుకని తెచ్చి ఈ బీచ్‌కి పోస్తుంటారు. ఇదంతా ఇంజినీర్లు లెక్కల్లో చెబుతారు, నువ్వు మెట్లలో చూపించొచ్చు. ఉప్పాడ సంగతి చూడు. కాకినాడ వెళ్లే బీచ్ రోడ్డుని కెరటాలు ఎన్నోసార్లు కోసేశాయి, ఇళ్లూ పోయాయి. పోయిన వీధి ఎక్కడుండేదో చూపించడానికి అక్కడివాళ్లకి పాత పెళ్లి ఫోటోల్లో వెనక పడిన గోడలే ఆధారం కావొచ్చు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం. ఫోటోలకి ఏమీ దొరకదని ఆ రెండు నెలలూ మానేస్తారు చాలామంది. నన్నడిగితే అదే అసలు సీజన్. బోట్లు ఒడ్డునుంటాయి, రంగులు వేస్తుంటారు, ఇంజిన్లు విప్పుతారు, వలలు బాగుచేసుకుంటారు. మనుషులకి మాట్లాడే తీరిక ఉంటుంది. వల కుట్టేవాడి కాలి బొటనవేలు చూడు. వలని దానికి తగిలించి బిగువుగా పట్టుకుంటాడు. చెయ్యి ఎంత వేగంగా ఆడినా ఆ వేలు కదలదు.

తుఫాను గురించి టెన్షన్‌గానే చెబుతున్నాను. మూడో నంబరు ప్రమాద హెచ్చరిక అని వార్తల్లో వినగానే నీలాంటి కుర్రాళ్లు ఫోన్లు పట్టుకుని బీచ్‌కి పరిగెత్తుతారు. వద్దు. ఒడ్డున గాలి లేకపోయినా ఎక్కడో దూరాన ఉన్న తుఫాను పెద్ద కెరటాల్ని ముందే పంపిస్తుంది, అవి చెప్పి రావు. నీకు కావాల్సిన ఫోటోలు ముందురోజే ఉంటాయి: బోట్లని రోడ్డు దాకా లాక్కొచ్చి కొబ్బరిచెట్లకి కట్టడం, బంకు మీది రేకులకి ఇసుక మూటలు ఎత్తడం, కొవ్వొత్తుల కోసం కొట్టు ముందు జనం. మిగతావి తర్వాత ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక విశాఖ కొండలు పచ్చదనం పోయి మోడుబారిపోయాయి. తుఫాను నడుస్తుండగా ఊగుతూ తీసిన వీడియోల కన్నా ఆ మోడుకొండల ఫోటోలే ఇవాళ ఎక్కువ చెబుతాయి.

పరికరం గురించి అడిగావు. ఫోన్ చాలు, అప్పు చేసి కెమెరా కొనకు. మబ్బులు తీసేటప్పుడు తెర మీద మబ్బుని తాకి వెలుగు కాస్త తగ్గించు. లెన్స్ మీద ఉప్పు పొర పడితే అన్ని ఫోటోలూ మసకబారతాయి. చొక్కా కొసతో తుడవకు, ఇసుక రేణువు ఉంటే గీతపడుతుంది. ముందు ఊది, తర్వాత మెత్తటి తడిగుడ్డతో తుడువు. ఏసీ గదిలోంచి నేరుగా ఒడ్డుకి వెళ్తే లెన్స్‌కి ఆవిరి పడుతుంది, అయిదు పది నిమిషాలు ఆగితే అదే పోతుంది.

మనుషుల విషయం మాత్రం ఇంత తేలిక కాదు. ‘మా ఫోటోలు తీసి ఏటి సేత్తావు బాబూ?’ అని ఎవరైనా అడిగితే నవ్వేసి తప్పుకోకు. ఏం చేస్తావో చెప్పు. వద్దంటే తియ్యకు, పిల్లల్నైతే వాళ్ల పెద్దవాళ్లని అడగకుండా తియ్యకు. తీసినవాటిలో మంచివి నాలుగు స్టూడియోలో ప్రింటు వేయించి ఎవరిది వాళ్లకి ఇవ్వు. రెండోసారి వెళ్లినప్పుడు నిన్ను చూసే చూపే మారుతుంది. వేటకెళ్లినవాళ్లు తిరిగి రాక ఒడ్డున ఏడుస్తున్న ఇంటివాళ్లని మాత్రం ఎవరెంత అడిగినా తియ్యొద్దు. పత్రికవాళ్లు అడిగినా సరే.

రాయడం దగ్గరికి వద్దాం. ప్రతి ఫోటోకి అదేరోజు ఇంటికొచ్చి మూడు సంగతులు నోట్‌బుక్‌లో రాసుకో. గాలి ఎటు నుంచి వీచింది, ఏ చేప పడింది, ఎవరేమన్నారు. టైము ఫోనే గుర్తుపెట్టుకుంటుంది, ఈ మూడూ అది గుర్తుపెట్టుకోదు. ‘కవళ్లు పడ్డాయి, కొనేవాళ్లు రాలేదు, ముసురు’ అని ఉంటే చాలు, ఆర్నెల్ల తర్వాత కూడా దాంట్లోంచి పేజీ రాయొచ్చు. ‘అద్భుతమైన ఉదయం’ అని రాసుకుంటే ఏమీ రాయలేవు. ఫోటోలో కనిపిస్తున్నదాన్నే మళ్లీ మాటల్లో చెప్పకు. ఎండు చేపలావిడని అడుగు: తడిసిన చేపల్ని ఏం చేస్తారు, ఎంత నష్టం, మబ్బు పట్టిందని ముందుగా ఎవరు కేకేస్తారు. ఆ జవాబులు ఫోటో కింద పెట్టు.

ఆవిడ దగ్గరికి ఈ వారమే వెళ్లు. ఆవిడ చెప్పిందంతా ఆవిడ మాటల్లోనే రాసి పంపు. ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పోతోంది, డాక్యుమెంట్‌గా పెట్టు. మెట్ల ఫోటో కూడా మొదలుపెట్టు. ఎక్కడ నిలబడ్డావో గోడ మీద సుద్దతో గుర్తు పెడితే వానకి పోతుంది, పక్కనున్న దీపస్తంభం నంబరు రాసుకో.

ఇట్లు,
మీ అన్నయ్య