కళ్లు మూసుకుంటే ఐసీయూనే గుర్తొస్తోంది... ధ్యానం ఎలా చేయాలి?

ప్రశ్న: నా వయసు 58. మల్కాజ్‌గిరిలో ఉంటాను. ఎనిమిది నెలల క్రితం నా భార్య చనిపోయింది. మూడేళ్లు ఐఎల్‌డీ అనే ఊపిరితిత్తుల జబ్బుతో బాధపడింది. చివరి ఆరు రోజులు వెంటిలేటర్ మీద ఉంది. దానికి సంతకం పెట్టింది నేనే. అప్పటి నుంచి రాత్రి మూడింటికల్లా మెలకువ వచ్చేస్తోంది. బెంగళూరులో ఉంటున్న మా అమ్మాయి నా ఫోన్‌లో మైండ్‌ఫుల్‌నెస్ యాప్ వేసి, రోజూ పావుగంట శ్వాస మీద ధ్యాస పెట్టమంది. కళ్లు మూసుకుని ఊపిరిని గమనించగానే వెంటిలేటర్ చప్పుడు చెవిలో మోగుతుంది, గుండె పట్టేసినట్టు అవుతుంది. వారం చేసి మానేశాను. ఒక స్నేహితుడు పది రోజుల విపశ్యన శిబిరానికి వెళ్లమంటున్నాడు. నాకు షుగర్ ఉంది. నిద్ర కోసం నాలుగు నెలలుగా మెడికల్ షాపులో ఆల్‌ప్రజోలం కొని రోజూ వేసుకుంటున్నాను. ఆమె వాడిన ఆక్సిజన్ మిషన్ ఇంకా మంచం పక్కనే ఉంది. ఈ ధ్యానం నాకు పనికిరాదా? వెంటిలేటర్ పెట్టించి ఆమెను అనవసరంగా బాధపెట్టానా?
- పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ వస్తాను. ముందు మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. 58 ఏళ్ల వయసు, షుగర్, గుండె పట్టేసినట్టు ఉండటం. ఈ మూడూ కలిసి కనిపించినప్పుడు ‘బాధ వల్లే అలా అవుతోంది’ అని సరిపెట్టుకోకూడదు. షుగర్ ఉన్నవాళ్లలో గుండెపోటు పెద్దగా నొప్పి లేకుండా కూడా రావచ్చు. ఆప్తులను పోగొట్టుకున్నవాళ్లకు, ముఖ్యంగా తొలి రోజుల్లో, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. తీవ్రమైన దుఃఖంలో గుండె కండరం తాత్కాలికంగా బలహీనపడే పరిస్థితిని జపాన్ వైద్యులు 1990లోనే గుర్తించి టకోట్సుబో అని పేరు పెట్టారు. అందుకని ఈ వారంలోనే ఫిజీషియన్‌ దగ్గరికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి, అవసరమంటే ఎకో (గుండె స్కాన్) కూడా. మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చివరిసారి ఎప్పుడు చేయించుకున్నారో చూసుకోండి. మూడేళ్లు భార్యకు సేవ చేసిన మనిషి తన ఒంటి సంగతి మరిచిపోవడం నేను తరచూ చూస్తుంటాను. ఛాతీ బరువు ఎడమ చేతికో, దవడకో పాకినా, చెమటలు పట్టినా మర్నాటి వరకు ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇక ధ్యానం సంగతి. అది మీకు పనికిరాకపోవడమేమీ లేదు, యాప్ చెప్పిన పద్ధతి మీ పరిస్థితికి కుదరలేదు. మామూలుగా మైండ్‌ఫుల్‌నెస్‌ను, అంటే ఈ క్షణంలో జరుగుతున్నదాన్ని ఉన్నది ఉన్నట్టు గమనించే సాధనను, శ్వాసతోనే మొదలుపెడతారు. ఊపిరి ఎప్పుడూ మనతోనే ఉంటుంది, చాలామందికి దాన్ని గమనిస్తే నెమ్మది వస్తుంది. కానీ మీ ఇంట్లో మూడేళ్లపాటు ఊపిరి అంటే భయమే. ఆమె వేలికి ఆక్సీమీటర్ పెట్టి అంకె ఎంత చూపిస్తోందోనని కంగారుపడటం, అర్ధరాత్రి లేచి ఛాతీ కదులుతోందా లేదా అని చూడటం, ఆయాసం రాగానే మిషన్ దగ్గరికి పరిగెత్తడం. ఐఎల్‌డీ పేషెంటు ఉన్న ఏ ఇంటివాళ్లను అడిగినా ఇదే చెబుతారు. ఊపిరి తేడాగా వినపడగానే ఉలిక్కిపడటం అలవాటైన శరీరాన్ని, కళ్లు మూసుకుని ఆ ఊపిరి మీదే ధ్యాస పెట్టమంటే బెదిరిపోదా? మీరు వారం పాటు ఓర్చుకున్నారు, తర్వాత మానేశారు. మానేసి మంచి పనే చేశారు.

మైండ్‌ఫుల్‌నెస్‌ను ఆస్పత్రుల్లోకి తెచ్చినవాడు జాన్ కబాట్-జిన్. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్‌లో, ఎంత వైద్యం చేసినా నొప్పి పూర్తిగా తగ్గని రోగుల కోసం దీన్ని మొదలుపెట్టాడు. మూలాలు బౌద్ధ సాధనలో ఉన్నాయి. ఎనిమిది వారాల కోర్సు, పక్కన ఒక గురువు, తోడుగా మరికొందరు. ఎవరికైనా ఇబ్బంది అయితే గురువు చూసి పద్ధతి మార్చేవాడు. ఫోన్‌లోని పావుగంట ఆడియోకు ఆ వీలు లేదు. మీ భార్య ఎలా పోయిందో దానికి తెలియదు. ధ్యాస నిలపడానికి శ్వాస ఒక్కటే దారి కూడా కాదు. పాదాలు, చేతులు, చెవిన పడే చప్పుళ్లు, నడక, ఏదైనా సరే.

మీరు ఇలా మొదలుపెట్టండి. పొద్దున టిఫిన్‌కు ముందు బాల్కనీలోనో డాబా మీదో నిలబడండి. మామూలుగా ఈ సాధనకు చెప్పులు విప్పమంటారు, షుగర్ ఉంది కాబట్టి మీరు మాత్రం మెత్తటి చెప్పులు వేసుకునే చేయండి. కళ్లు తెరిచే ఉంచండి. ఒంటి బరువు పాదాల్లో ఎక్కడ పడుతోందో గమనించండి, మడమల మీదా, వేళ్ల మీదా. తర్వాత చప్పుళ్లు వినండి. స్టేషన్ వైపు నుంచి రైలు కూత, పక్కింట్లో కుక్కర్ విజిల్, పాల ప్యాకెట్ల బండి, కాకులు. దేన్నీ వెతకొద్దు, చెవిన పడినదాన్ని పడనివ్వండి. రెండు నిమిషాలు చాలు. రెండు వారాల తర్వాత కుదిరితే ఐదు నిమిషాలు చేయండి. పావుగంట వరకు వెళ్లాలని పట్టుదల వద్దు. పగలు పప్పు కడిగేటప్పుడు చేతులకు తగిలే నీళ్ల చల్లదనాన్ని గమనించినా అది సాధనే.

ఆ రెండు నిమిషాల్లో కూడా ఐసీయూ గుర్తుకొస్తుంది. రావద్దని బిగబట్టకండి. ‘ఐసీయూ జ్ఞాపకం వచ్చింది’ అని మనసులో అనుకోండి. అది ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో చూడండి, గొంతులోనా, కడుపులోనా. మళ్లీ పాదాల దగ్గరికి రండి. ఏడుపు వస్తే ఏడవండి. దుఃఖం అలలా లేస్తుంది, కాసేపటికి తగ్గుతుంది. అది తగ్గడం ఒకటి రెండుసార్లు మీ కళ్లతో చూస్తే, తర్వాతిసారి అంత భయం వేయదు. ఒకవేళ తట్టుకోలేననిపిస్తే ఆపేయండి. ముఖం కడుక్కోండి, నాలుగడుగులు వేయండి, అమ్మాయికి ఫోన్ చేయండి. ఎక్కడ ఆపాలో తెలుసుకోవడం కూడా ఇందులో భాగమే.

ఇది చేస్తే ఆమె లేని లోటు తగ్గుతుందని నేను చెప్పను. ఆ లోటు మీద మనం వేసుకునే బరువు ఒకటి ఉంటుంది, అది తగ్గుతుంది. ఎనిమిది నెలలైనా ఇంకా ఏడుస్తున్నానేంటి, మగవాణ్ని కదా, నలుగురూ ధైర్యంగా ఉండమంటున్నారు, ఆఖరికి ధ్యానం కూడా చేతకాలేదు. ఇవన్నీ ఆలోచనలు. వస్తున్నప్పుడే ‘ఇదొక ఆలోచన’ అని కనిపెడితే రాత్రంతా వాటి వెంట తిరగనక్కర్లేదు.

సాయంత్రం ఒక ఇరవై నిమిషాలు ఆమె కోసమే పెట్టుకోండి. ఆమె ఆరోగ్యంగా ఉన్న రోజుల ఫొటోలు తీయండి. మాట్లాడాలనిపిస్తే మాట్లాడండి, అది పిచ్చి కాదు. సమయం అయ్యాక లేచి బ్యాంకు పనో, కూరగాయల సంచీయో, ఏదో ఒక పని అందుకోండి. నెదర్లాండ్స్‌లో పనిచేసిన మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో ఇదే విషయాన్ని వివరించారు. పోయినవాళ్ల తలపులోకి వెళ్లడం, మళ్లీ రోజువారీ బతుకులోకి రావడం, ఈ రెంటి మధ్య తిరుగుతూ ఉండటమే కోలుకునే తీరు. ఎప్పుడూ ఏడుస్తూ ఉన్నా, అసలు తలచుకోకుండా పారిపోయినా ఇబ్బందే. మన మాసికాల్లో నాకు ఇదే కనిపిస్తుంది. నెలకో రోజు పూర్తిగా పోయినవాళ్లకే ఇస్తాం, మర్నాడు పనుల్లో పడతాం. ఏడాది పాటు పండగలు లేవనే ఆచారంలో మాత్రం ఒక చిక్కుంది. ఆ ఇంటికి పిలుపులు ఆగిపోతాయి, మనిషి ఒంటరైపోతాడు. ఎవరూ పిలవకపోతే మీరే ఒకరిని పొద్దున వాకింగ్‌కు రమ్మనండి.

సంతకం ప్రశ్నను ధ్యానంతో తేల్చుకోలేరు. దానికి సమాచారం కావాలి. ఐఎల్‌డీలో చాలా రకాల్లో ఊపిరితిత్తులు మచ్చలుపడి గట్టిపడిపోతాయి, ఆ మచ్చలు తిరిగి మామూలు కావు. జబ్బు బాగా ముదిరాక వెంటిలేటర్ దాకా వెళితే కోలుకునేవారు తక్కువే. అయినా హఠాత్తుగా ఆయాసం పెరిగినప్పుడు దానికి ఇన్ఫెక్షన్ లాంటి తగ్గించగలిగే కారణం ఉండొచ్చు, అందుకే డాక్టర్లు ప్రయత్నిస్తారు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు ట్యూబ్ బాధ తెలియకుండా మత్తుమందు, నొప్పి మందు ఇవ్వడం మామూలు పద్ధతి. ఆమె విషయంలో ఏం జరిగిందో వైద్యం చేసిన పల్మనాలజిస్టు (ఊపిరితిత్తుల డాక్టర్) చెప్పగలరు. అపాయింట్‌మెంట్ తీసుకోండి, అమ్మాయిని వెంట తీసుకెళ్లండి, రిపోర్టులు పెట్టుకుని సూటిగా అడగండి. అప్పుడు వేరే దారి ఉందా? ఆమెకు నొప్పి తెలిసి ఉంటుందా? ఎనిమిది నెలల తర్వాత ఎందుకొచ్చారని ఏ మంచి డాక్టరూ అనరు. డాక్టర్లమైన మేమే మావైపు నుంచి పిలిచి ఈ మాటలు చెప్పాలని నా గట్టి నమ్మకం. మీరు ఆ నిమిషంలో తెలిసినంత మేరకు, ఆమె బతకాలని సంతకం పెట్టారు. ఇప్పుడు ఫలితం తెలిశాక ఆనాటి మిమ్మల్ని దోషిగా నిలబెడుతున్నారు.

ఆక్సిజన్ మిషన్‌ను పారేయమని ఎవరూ తొందరపెట్టకూడదు. కానీ రాత్రి మెలకువ వచ్చినప్పుడల్లా కళ్లకు మొదట అదే కనిపిస్తే నిద్ర ఎలా పడుతుంది? ముందు పక్క గదిలోకి మార్చండి. కొన్నాళ్లు అలా ఉండనివ్వండి. మీకు సరే అనిపించిన రోజు సర్వీసింగ్ చేయించి అవసరమైనవాళ్లకు ఇవ్వొచ్చు.

ఆల్‌ప్రజోలం విషయంలో చాలా జాగ్రత్త. ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడని మందు అది. కొన్ని వారాలు రోజూ వాడినా ఒంటికి అలవాటు పడుతుంది. ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. ఒక్కసారిగా ఆపితే నిద్ర పూర్తిగా పోవచ్చు, ఆందోళన పెరుగుతుంది, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. సైకియాట్రిస్టు దగ్గరికి వెళితే వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. మందుతో పాటు ఎట్టి పరిస్థితుల్లోనూ మద్యం ముట్టుకోకూడదు. మూడింటికి మెలకువ వచ్చి ఇరవై నిమిషాల్లో నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లకుండా లేచి హాల్లో కూర్చోండి. గడియారం, ఫోన్ చూడకండి. నిద్ర ముంచుకొచ్చాకే వెళ్లి పడుకోండి. పగటి కునుకు మానేయండి.

విపశ్యనకు ఇప్పుడు వెళ్లొద్దు. నాగార్జునసాగర్ రోడ్డులోని ధమ్మఖేత్త కేంద్రం మంచిదే, ఎందరికో మేలు చేసింది. అయితే పది రోజులు మౌనం, ఫోన్ ఉండదు. మొదటి మూడు రోజులు చేసేది శ్వాసను గమనించడమే. మిమ్మల్ని బెదరగొట్టింది సరిగ్గా అదే. కొంత కుదుటపడ్డాక, ఆల్‌ప్రజోలం పూర్తిగా ఆగాక ఆలోచించవచ్చు. దరఖాస్తులో మానసిక ఇబ్బందులు, వాడే మందుల గురించి అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు రాయండి.

ఇది మామూలు దుఃఖమేనా అని మీకు అనుమానం ఉండొచ్చు. దాదాపు రోజూ తీవ్రమైన బెంగ, ఆమె పోయిందని నమ్మలేకపోవడం, నాలో సగం పోయిందనిపించడం, ఆమెను గుర్తుచేసే చోట్లకు వెళ్లలేకపోవడం, బతుక్కి అర్థం లేదనిపించడం. ఇవి తగ్గకుండా సాగుతుంటే దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత అంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో దీనికి కనీసం 6 నెలలు గడవాలి. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2022లో పెద్దలకు 12 నెలలని పెట్టింది. మీరు ఈ మధ్యలో ఉన్నారు కాబట్టి ఒకసారి చూపించుకోవడం మేలు. దీనికి ప్రత్యేకంగా మాటలతో చేసే చికిత్స ఉంది. డిప్రెషన్ కూడా తోడైతే మాత్రలు పనిచేస్తాయి, వియోగ బాధకు మాత్రం ఆ మాటల చికిత్సే ముఖ్యం. మైండ్‌ఫుల్‌నెస్ దానికి తోడు, దాని బదులు కాదు. మీకు దగ్గర్లో గాంధీ ఆస్పత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. ‘నేనూ ఆమె దగ్గరికే వెళ్లిపోతే బాగుండు’ అనే ఆలోచన ఎప్పుడైనా వస్తే దాచుకోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. అలాంటి రాత్రి ఇంట్లో ఒంటరిగా ఉండొద్దు.

ఇంకో నాలుగు నెలల్లో సంవత్సరీకం వస్తుంది. అప్పటికి కాస్త తేరుకున్నా, ఆ తేదీకి రెండు మూడు వారాల ముందు నుంచి నిద్ర మళ్లీ చెదరవచ్చు, ఐసీయూ మళ్లీ గుర్తుకు రావచ్చు. చాలామందికి అలా జరుగుతుంది. అమ్మాయిని కర్మ రోజుకు మాత్రమే కాకుండా వారం ముందే రమ్మని ఇప్పుడే చెప్పండి, ఆఫీసులో సెలవు పెట్టుకోవాలి కదా. యాప్ ఎందుకు మానేశారో కూడా ఆమెకు చెప్పండి. తల్లిని పోగొట్టుకున్న పిల్ల తనూ, నాన్నకు ఏదో ఒకటి చేయాలని వేసిచ్చింది. ఫోన్‌లో రోజూ ‘తిన్నావా, పడుకున్నావా’తో ఆపేయకుండా, అమ్మ గురించి ఇద్దరూ మాట్లాడుకోండి.