ఆవడ జోకు శ్లేషేనా?

సందేహం: మొన్న హోటల్లో మా మావగారు "ఆవడ ఉందా బాబూ?" అని అడిగితే సర్వరు కుర్రాడు "ఆ వడ అయిపోయిందండీ, ఈ వడ ఉంది" అంటూ చేతిలో ఉన్న సాంబారు వడ ప్లేటు చూపించాడు. అందరం పగలబడి నవ్వాం. ఇంగ్లీష్ మీడియం చదివే మా పాప "ఇది పన్ కదా, తెలుగులో ఏమంటారు?" అంది. నేను శ్లేష అన్నాను, మా ఆయన యమకం అన్నారు, మావగారేమో "కుళ్ళు జోకు అంటారు" అన్నారు. ఏది కరెక్టు? ఇంగ్లీషు మాటలు కలిపి వేసే జోకులు కూడా శ్లేష కిందకి వస్తాయా?

సమాధానం: మీరు దగ్గరగానే వచ్చారమ్మా, కానీ ఆ కుర్రాడు చేసినదానికి ఇంకా సరైన పేరు శ్లేష వక్రోక్తి. ఎదుటివాళ్ళు ఒక అర్థంలో అన్నమాటని మనం కావాలనే ఇంకో అర్థంలో తీసుకుని జవాబు చెప్తే అది వక్రోక్తి, ఆ వంపు శ్లేష వల్ల, అంటే ఒకే మాటలో రెండర్థాలు ఉండటం వల్ల వస్తే శ్లేష వక్రోక్తి. మావగారు అడిగింది పెరుగులో నానేసిన ఆవడ, కుర్రాడు దాన్ని ఆ, వడ అని విరిచాడు. అదే మావగారే రెండు అర్థాలూ మనసులో పెట్టుకుని ఒక్కసారి "ఆవడ" అని ఉంటే ఉత్త శ్లేష అయ్యేది.

యమకం వేరు. అక్కడ అవే అక్షరాలు మళ్ళీ మళ్ళీ రావాలి, వచ్చినప్పుడల్లా అర్థం మారాలి. పోతన గారి భాగవతంలో నరకాసురుడి మీద యుద్ధానికి లేచిన సత్యభామతో కృష్ణుడు "లేమా! దనుజుల గెలువగ లేమా" అంటాడు చూడండి, మొదటి లేమా అంటే ఓ ఆడదానా అని పిలుపు, రెండోది గెలవలేమా అనే ప్రశ్న, అక్కడితో ఆగకుండా మిగతా రెండు పాదాల్లో "లే, మాను" అనీ "లే, మా విల్లు అందుకో" అనీ అదే లేమా ని ఇంకో రెండు రకాలుగా విరిచేస్తాడు. నేను ఎన్నోసార్లు పాఠం చెప్పాను, చెప్పిన ప్రతిసారీ పిల్లల మొహాలు వెలగడం చూశాను.

శ్లేష అంటే అతుక్కుని ఉండటం, కౌగిలించుకోవడం. దీంట్లో రెండు రకాలున్నాయి. మాటని విరవక్కర్లేకుండానే రెండర్థాలు వస్తే అభంగం, పన్ను ఉంది కదా, అటు డెంటిస్టు దగ్గరా పన్ను కట్టించుకుంటాం, ఇటు మున్సిపాలిటీకీ పన్ను కడతాం. మాటని విరిస్తేనే రెండో అర్థం వస్తే సభంగం, మన ఆవడ అదే. పాత ఆలంకారికులు మొదటిదాన్ని ఒకే తొడిమకి కాసిన రెండు పళ్ళతోనూ, రెండోదాన్ని కర్రకి అంటుకున్న లక్కతోనూ పోల్చారు. ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు అనిపిస్తుంది నాకు.

తెలుగులో సభంగానికి ఇంత వీలు ఎందుకుందంటే మనం మాటలు కలిపేసి మాట్లాడతాం కాబట్టి. ఒక తమాషా చెప్పనా, వ్యాకరణం గట్టిగా పట్టుకుంటే ఈ జోకు పుట్టకూడదు. ఆ, ఈ, ఏ లని త్రికాలు అంటారు, త్రికసంధి ప్రకారం ఆ కాలం అక్కాలం అయినట్టు ఆ వడ కూడా అవ్వడ అయిపోవాలి. కానీ 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఆ ద్విత్వం (హల్లు రెట్టింపు అవడం) "బహుళం" అన్నాడు, అంటే కొన్నిచోట్ల వస్తుంది కొన్నిచోట్ల రాదు. ఆ రాని చోటే మీ సర్వరుకి దొరికింది.

కుళ్ళు జోకు అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. రెండో అర్థం అక్కడ అతక్కుండా ఊరికే చప్పుడు కలిసిందని వేస్తే అది కుళ్ళు జోకు. ఇక్కడ ఆవడ నిజంగానే అయిపోయింది, సాంబారు వడ నిజంగానే ఉంది, అడిగినదానికి పూర్తి జవాబు వచ్చింది, ఎవర్నీ నొప్పించలేదు. ఇలాంటి వక్రోక్తి దేవతలకే తప్పలేదు. ఒక పాత సంస్కృత చాటువులో లక్ష్మి పార్వతిని "ఆ బిచ్చగాడు ఎటు పోయాడమ్మా?" అని శివుణ్ణి ఆటపట్టిస్తే పార్వతి "బలి యాగానికి" అంటుంది, అడుక్కోవడానికి వామనుడై వెళ్ళింది లక్ష్మి మొగుడే కదా! "ఇవాళ తాండవం ఎక్కడ?" అంటే "బృందావనంలో అనుకుంటా" అంటుంది. ఒక్క తిట్టు లేదు, ఒక్క మోటు మాట లేదు. ఇక పింగళి సూరన రాఘవపాండవీయంలో కావ్యం మొత్తం ఇటు చదివితే రామాయణం, అటు చదివితే భారతం.

ఇంగ్లీషు సంగతి. నిస్సందేహంగా వస్తాయి. పాత సంస్కృత ఆలంకారికుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో చెప్పిన ఎనిమిది రకాల శ్లేషల్లో భాషాశ్లేష ఒకటి, అప్పట్లో అది సంస్కృతానికీ ప్రాకృతానికీ మధ్య నడిచింది, ఇప్పుడు మనకి తెలుగుకీ ఇంగ్లీషుకీ మధ్య నడుస్తోంది. "సీరియల్లో మంచి రోలు దొరికింది" అంటే "మరి రోకలో?" అని అడగటం అదే. "ఈమెయిలు రాలేదు" అంటే "పోనీ ఆ మెయిలు వచ్చిందా" అనడం కూడా అంతే, చూశారా, మళ్ళీ ఆ త్రికమే. కాకపోతే టైపు చేసేటప్పుడు మొదటి మాటలో స్పేస్ పెట్టకండి, పెడితే జోకు ముందే తెలిసిపోతుంది.

మీ పాపకి ఈసారి నల్లకారం, వెల్లుల్లి కారం రెండు సీసాలు ముందు పెట్టి "ఆకారం బాగుందా?" అని అడగండి. సీసా షేపు గురించి అనుకుంటుందో, అందులో ఉన్న కారం గురించి అనుకుంటుందో, ఆ అనే అక్షరం గురించి అనుకుంటుందో చూడండి. "ఏకారం?" అని తిరిగి అడిగిందంటే తనూ ఒకటి వేసేసినట్టే, ఎందుకంటే అది ఏ అక్షరం పేరు కూడాను.