అమ్మ తిన్నావా అంటే తిన్నానని చెప్పేస్తున్నా

ప్రశ్న: అక్కా, నేను హైదరాబాద్‌లో జేఎన్‌టీయూ అఫిలియేటెడ్ కాలేజీలో ఈసీఈ థర్డ్ ఇయర్, హాస్టల్‌లో ఉంటా. మాది ఖమ్మం వైపు పల్లెటూరు, నాన్న మిర్చి వేస్తాడు, ఇంటర్‌లో మంచి మార్కులొచ్చినప్పుడు ఊరంతా స్వీట్లు పంచాడు. ఇప్పుడు నాకు 4 బ్యాక్‌లాగ్స్. రెండు నెలల నుంచి తెల్లారుజాము నాలుగింటి దాకా నిద్ర పట్టట్లేదు, క్లాసుకి లేవలేకపోతున్నా, అటెండెన్స్ 68కి వచ్చింది. బకెట్లో నానబెట్టిన బట్టలు మూడ్రోజులై వాసనొస్తున్నా లేచి ఉతకాలనిపించదు. రాత్రి అమ్మ ఫోన్ చేసి తిన్నావా నాన్నా అంటే తిన్నా అంటా, తినను. ఈ మధ్య పొద్దున అసలు లేవకుండా ఉంటే బాగుండు అనిపిస్తోంది. కౌన్సెలర్ దగ్గరికెళ్తే పిచ్చోడంటారేమో, ప్లేస్‌మెంట్స్‌లో తెలిసిపోతుందేమో అని భయం. ఇది బద్ధకమా, నిజంగా ఏమైనా ప్రాబ్లమా?

జవాబు: తమ్ముడూ, బ్యాక్‌లాగ్స్ సంగతి తర్వాత, ముందు ఆ చివర్లో రాసిన మాట గురించి. లేవకుండా ఉంటే బాగుండు అనిపించడం వేరు, చచ్చిపోవాలని ఆలోచించడం వేరు అని కొంతమంది తేల్చేస్తారు, నేను తేల్చను, నిన్ను సూటిగానే అడుగుతున్నా, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా? వస్తుంటే ఈ పేజీ ఇక్కడే ఆపి 14416కి ఫోన్ చెయ్. అది టెలీ మానస్, మనసు బాగోలేనివాళ్ళకి ఫోన్‌లో సాయం చేసే హెల్ప్‌లైన్, 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది, ఫ్రీ, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఏం చెప్పాలో తెలీకపోతే "నిద్ర పట్టట్లేదు, భయంగా ఉంది" అను చాలు, మిగతాది వాళ్ళే అడుగుతారు. ఆ రాత్రి రూమ్‌లో ఒక్కడివే ఉండొద్దు, పక్క రూమ్ వాణ్ణి లేపైనా సరే వాడి దగ్గర కూర్చో. మరీ ఆగలేనట్టు అనిపిస్తే 108, లేదా దగ్గర్లో ఏ పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకైనా వెళ్ళిపోండి ఇద్దరూ.

ఇక బద్ధకమా అన్నావు. బద్ధకమున్నోడు క్లాసు ఎగ్గొట్టి సినిమాకెళ్తాడు, హాయిగా బిర్యానీ తింటాడు, నువ్వు క్లాసూ లేదు తిండీ లేదు నిద్రా లేదు, పైగా రోజంతా నిన్ను నువ్వే తిట్టుకుంటున్నావు. నిద్ర, ఆకలి, ఇష్టం, ఓపిక, ఇవన్నీ కలిసి రెండు వారాలు దాటి పడిపోయాయంటే డాక్టర్లు డిప్రెషనేమో అని చూస్తారు, నీకు రెండు నెలలైంది. నేను డాక్టర్‌ని కాదు కాబట్టి అదే అని చెప్పను, థైరాయిడ్ తేడా వచ్చినా, బీ12 విటమిన్ తగ్గినా ఒంట్లో ఇలాంటి నీరసమే ఉంటుంది, అందుకే చాలామంది డాక్టర్లు ముందు రక్త పరీక్షలు రాస్తారు. ఏదైనా సరే ఆ బకెట్ నీ క్యారెక్టర్ సర్టిఫికెట్ కాదు నాన్నా.

పిచ్చోడంటారేమో అన్న భయం నాకు బాగా తెలుసు, ఎర్రగడ్డ అన్న ఊరి పేరునే మనం తిట్టులాగా వాడి వాడి అక్కడ సర్కారు మానసిక ఆసుపత్రి ఉందని, మామూలు ఓపీ చీటీ రాయించుకుని ఎవరైనా చూపించుకోవచ్చని మర్చిపోయాం. మా చెల్లెలి కూతురికి డిగ్రీలో ఇలాగే అయితే ఒక ఆసుపత్రికి నేనే తోడెళ్ళా, లైన్లో మా ముందు ఐడీ కార్డు మెళ్ళో వేసుకుని ఆఫీసు నుంచి సరాసరి వచ్చినాయన, వెనక చంటిపిల్లతో ఒకావిడ, నేను ఊహించుకున్నట్టు ఎవరూ లేరు. లోపల డాక్టర్ అడిగిందల్లా ఎప్పట్నుంచి నిద్ర లేదు, తిండెలా ఉంది, మందు సిగరెట్ గంజాయి ఏమైనా ఉన్నాయా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా అయిందా, అంతే. బయటికొచ్చాక అది "పెద్దమ్మా, ఇంతేనా" అంది.

సీక్రెట్ సంగతి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం నీ ట్రీట్‌మెంట్ వివరాలు డాక్టర్లు గోప్యంగా ఉంచాలి, ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు. కాలేజీ కౌన్సెలర్‌తో అయితే మొదటి రోజు కూర్చోగానే అడిగెయ్, "మేడం, నేను చెప్పింది వార్డెన్‌కో హెచ్‌ఓడీకో వెళ్తుందా" అని, జవాబు నీకు నచ్చితేనే మాట్లాడు, నచ్చకపోతే బయట చూపించుకో. అసలు కౌన్సెలర్ని పెట్టడం కాలేజీవాళ్ళు చేసే ఉపకారమేం కాదు, విశాఖలో నీట్‌కి చదువుతున్న అమ్మాయి చనిపోయిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, 100 మంది అంతకు మించి పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలోనూ కనీసం ఒక కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఉండాలని చెప్పింది. మీవాళ్ళు ఫ్రెషర్స్ పార్టీకి బ్యానర్ కట్టినంత పెద్దగా ఆ కౌన్సెలర్ రూమ్ నంబర్ కూడా రాసి పెట్టాలి, పెట్టరు, నాకు నిజంగా కోపమొస్తుంది.

అటెండెన్స్ 68 అన్నావు కదా, 65కీ 75కీ మధ్య ఉంటే మెడికల్ గ్రౌండ్స్ మీద కండోనేషన్‌కి, అంటే తగ్గిన అటెండెన్స్‌ని మన్నించమని, అడగొచ్చు, దానికి డాక్టర్ సర్టిఫికెట్ కావాలి, అంటే డాక్టర్ దగ్గరికెళ్ళడం అలా కూడా పనికొస్తుంది, ఇంకా తగ్గేదాకా ఆగకు. బ్యాక్‌లాగ్స్ నాలుగూ ఈ సెమ్‌లోనే కొట్టేయాలని ఇప్పుడు శపథాలు పట్టకు, నిద్ర కుదిరాక చూద్దాం.

ఇంకొక్క పని. ఈ రాత్రి అమ్మ తిన్నావా అంటే "లేదమ్మా, తినబుద్ధి కావట్లేదు" అను. బ్యాక్‌లాగ్స్ గురించి చెప్పక్కర్లేదు, ఆ ఒక్కటి చాలు. కంగారు పడుతుంది, పడనీ, నువ్వు రెండు నెలలుగా ఒక్కడివే పడుతున్నావు. వారం తర్వాత నాకు మళ్ళీ రాయి, ఎదురుచూస్తుంటా.

ప్రశ్న: మేడం, మా అమ్మాయి విశాఖలో ఎమ్మెస్సీ చదువుతోంది. ఆందోళన అని డాక్టర్ టాబ్లెట్లు రాశారు. పది రోజులైంది, ఏం మార్పు లేదు. అలవాటు పడిపోతుందని, పెళ్ళికి ఇబ్బందని మా వారు ఆపేయమంటున్నారు.

జవాబు: అమ్మా, దయచేసి మీ అంతట మీరు ఆపకండి. ఆందోళనకి, డిప్రెషన్‌కి సాధారణంగా ఇచ్చే మందుల్లో చాలావాటికి గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో కడుపులో తిప్పినట్టు, తలనొప్పిగా ఉండొచ్చు కూడా. సడన్‌గా మానేస్తే కళ్ళు తిరగడం, చిరాకు రావచ్చు, అందుకే ఆపేటప్పుడు డాక్టర్లే మెల్లగా డోస్ తగ్గిస్తారు. అలవాటయ్యే మందులు కొన్ని ఉన్న మాట నిజమే, వాటిని మామూలుగా కొద్ది రోజులకే రాస్తారు, కాబట్టి చీటీ తీసుకెళ్ళి "ఇందులో అలవాటయ్యేది ఏదైనా ఉందా, ఎన్నాళ్ళు వాడాలి" అని డాక్టర్నే అడగండి, అది అడగడం మీ హక్కు. ఈ మధ్యలో అమ్మాయి మరీ దిగులుగా మాట్లాడినా, ఎప్పుడూ లేనంత చికాకు పడినా మాత్రం తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే ఫోన్ చెయ్యండి. పెళ్ళి మాట ఆ పిల్ల ముందు ఎత్తకండమ్మా ఇప్పుడు, మీ వారికి కూడా చెప్పండి, వీలైతే వచ్చే అపాయింట్‌మెంట్‌కి ఆయన్నే తోడు పంపండి.