ఒంటి చక్రం బండి: మెత్తగా పోవాలా, మోసుకుపోవాలా?

ప్రశ్న: ఇంటి నుంచి ఆఫీసుకు 9 కిలోమీటర్లు. కారు పార్కింగ్‌కి నెలనెలా కట్టే డబ్బు చూస్తే కడుపు మండుతోంది, అందుకే ఎలక్ట్రిక్ యూనిసైకిల్ (నిలబడి నడిపే ఒంటి చక్రం కరెంటు బండి) కొందామనుకుంటున్నాను. నా బరువు 82 కిలోలు. ఇన్‌మోషన్ వీ8ఎఫ్, కింగ్‌సాంగ్ 16ఎక్స్, ఇన్‌మోషన్ వీ11, ఈ మూడింట్లో ఒళ్లు హూనం కాకుండా తీసుకెళ్లేది ఏది? సస్పెన్షన్ ఉన్నదే కొనమని ఫ్రెండ్స్ అంటున్నారు. అన్నట్టు, మాది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు.
- ఒక పాఠకుడు, చికాగో

జవాబు: అసలు సంగతి చివర్లో రాశారు చూడండి, లిఫ్ట్ లేదని. వీ11 బరువు 27 కిలోలు. మనింట్లో దించుకునే పాతిక కిలోల బియ్యం బస్తా కంటే ఎక్కువే. ట్రాలీ హ్యాండిల్ ఉంది కదా, లాక్కుపోవచ్చు కదా అంటారు, నిజమే, కానీ అది చదునైన నేల మీద మాట, మెట్ల దగ్గర ఎత్తుకోవాల్సిందే. పోనీ 16ఎక్స్ అయితే? అదీ 24 కిలోల దాకా ఉంటుంది, మెట్ల మీద మీ నడుముకి ఆ మూడు కిలోల తేడా ఏమంత తెలియదు. వీ8ఎఫ్ ఒక్కటే 14 కిలోల పైచిలుకు, ఒంటి చేత్తో ఎత్తొచ్చు.

ఇక సుఖం సంగతి. సస్పెన్షన్ ఉన్న బండ్లు 2020లో వచ్చాయి, వీ11, కింగ్‌సాంగ్ ఎస్18 రెండూ ఆ ఏడాదివే. అంతకుముందు నడిపినవాళ్లందరికీ మోకాళ్లే సస్పెన్షన్, ఆ తర్వాత టైరులో గాలి. నేను అమెరికాలో ఉన్నప్పుడు రెండేళ్లు 16ఎక్స్ మీద తిరిగాను. దాని టైరు 3 అంగుళాల వెడల్పు, అందుకే స్ప్రింగులేవీ లేకపోయినా చిన్నచిన్న గతుకుల్ని అదే మింగేస్తుంది. గాలి నాలుగైదు పీఎస్‌ఐ తగ్గించి చూస్తే అదే రోడ్డు మెత్తబడినట్టు ఉంటుంది, మరీ తగ్గిస్తే మాత్రం మలుపుల్లో మొరాయిస్తుంది, గుంటలో పడితే రిమ్ము కొట్టుకుంటుంది. వీ8ఎఫ్ టైరు దీనికంటే బాగా సన్నం. ఇలా వంగితే అలా తిరుగుతుంది, కానీ రోడ్డు మీద పగుళ్లు, అతుకులు అన్నీ పాదాలకి చెబుతుంది. మెత్తదనంలో వీ11కి ఎదురులేదు, ఒప్పుకుంటాను, కాకపోతే పంపు పెట్టి మీ బరువుకి సరిపడా గాలి సస్పెన్షన్‌లో నింపుకుంటేనే. ఆ పని చేయకుండా, ఇంత డబ్బు పోసినా గట్టిగానే ఉందేమిటని వాపోయేవాళ్లని చూశాను.

ఎవరూ ముందుగా చెప్పనిది పాదాల తిమ్మిరి. కదలకుండా ఒకే తీరున నిలబడతాం కదా, నాకు మొదట్లో పదిహేను నిమిషాలకే అరికాళ్లు మొద్దుబారిపోయేవి. ఇది సస్పెన్షన్‌తో పోదు. పెడల్, అంటే పాదం పెట్టే పలక, వెడల్పుగా ఉండాలి, బూటు అడుగు మెత్తగా కాక కాస్త గట్టిగా ఉండాలి, సిగ్నల్ పడినప్పుడల్లా దిగి నిలబడాలి. నెల తిరిగేసరికి అలవాటైపోయింది.

బ్యాటరీ లెక్క మీరే వేసుకోవచ్చు. మీ బరువుకి కిలోమీటరుకి 15 నుంచి 20 వాట్ అవర్లు (బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) పోతాయనుకోండి. వీ8ఎఫ్‌లో ఉన్నది 518, అంటే 25, 35 కిలోమీటర్ల మధ్య. మీకు రానూపోనూ 18. చికాగో చలిలో బ్యాటరీ ఇంకా తగ్గుతుంది కాబట్టి ఆఫీసులో ఒక చార్జర్ పడేసి ఉంచండి. 16ఎక్స్‌లో 1,554, వీ11లో సుమారు 1,500, వాటికి ఈ బెంగ లేదు.

వేగం మాత్రం జాగ్రత్త. మీరు ముందుకి వాలితే మోటారు చక్రాన్ని మీ కిందకి పరుగెత్తించి నిలబెడుతుంది, అంతే ఈ బండి కిటుకు. మోటారుకి ఆ సత్తువ చాలని క్షణాన చక్రం వెనకబడుతుంది, మీరు ముఖం మీద పడతారు. అందుకే పరిమితి దగ్గరపడగానే పెడల్స్ ముందువైపు లేచి వెనక్కి నెడతాయి. దాన్ని గెలవాలని చూడకండి. వీ8ఎఫ్ గరిష్ఠ వేగం గంటకి 35 కిలోమీటర్లు, మీరు 25 దగ్గర ఉండండి, చార్జింగ్ అడుగంటితే ఇంకా తక్కువ. 16ఎక్స్ 50 దాకా పోతుంది కాబట్టి అదే 25లో దానికి బోలెడంత సత్తువ మిగిలి ఉంటుంది, ఈ ఒక్క విషయంలో బరువైన బండే మేలు.

16ఎక్స్ అంటే నాకు ప్రాణం, అయినా మీకు వద్దనే అంటాను. 9 కిలోమీటర్లంటే పాతిక నిమిషాల లోపు, ఆ కాస్త కుదుపు మోకాళ్లు వంచి ఓర్చుకోవచ్చు. వీ8ఎఫ్ తీసుకోండి. కింద తాళమేసి పెట్టుకునే గది ఎవరైనా అద్దెకిస్తే అప్పుడు వీ11.

ప్రశ్న: మా అన్నయ్య డిసెంబర్లో అమెరికా నుంచి వస్తున్నాడు. వాడిన వెటరన్ షెర్మన్ యూనిసైకిల్ చవగ్గా దొరుకుతోందట, లగేజీలో తెమ్మననా? మాదాపూర్‌లో ఆఫీసుకి వెళ్లడానికి.
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అన్నయ్యని విమానాశ్రయంలో ఇబ్బంది పెట్టకండి. ప్రయాణికుల విమానంలో 160 వాట్ అవర్లు దాటిన లిథియం బ్యాటరీని రానివ్వరు. షెర్మన్‌లో ఉన్నది 3,200, సరిగ్గా ఇరవై రెట్లు! ఎలాగో ఓడలో తెప్పించుకున్నా, మన దగ్గర రిజిస్ట్రేషన్ అక్కర్లేదనాలంటే మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉండాలి, పైగా ఆ మోడల్‌కి ఇక్కడి పరీక్ష సంస్థ ఆమోదం ఉండాలి. షెర్మన్ మోటారు 2,500 వాట్లు. నంబరూ లేక, ఇన్సూరెన్సూ లేక ఎవరికైనా తగిలితే మీ పని ఏమవుతుందో ఆలోచించండి. స్పీడ్ బ్రేకర్ల సంగతి, వెంటపడే వీధికుక్కల సంగతి నేను ఎత్తడం లేదు.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మా అబ్బాయి నడుపుతుంటే ముచ్చటేస్తోంది కానీ పడతానేమోనని టెన్షన్. నేర్చుకోగలనా?
- ఒక పాఠకురాలు, షార్లట్

జవాబు: నేర్చుకోగలరమ్మా, పడకుండా మాత్రం కాదు. రోజుకి అరగంట చొప్పున ఒక వారం, పది రోజులు పెట్టుకోండి. కంచె పట్టుకుని, ఒక కాలు పెడల్ మీద ఉంచి రెండో కాలితో నేలని తంతూ మొదలుపెట్టండి. చూపు చక్రం మీద కాదు, దూరంగా ఉండాలి. పిక్కలు లోపలివైపు కమిలిపోతాయి, ప్యాడ్లు కట్టుకోండి. హెల్మెట్‌తో పాటు మణికట్టు గార్డులు తప్పనిసరి, పడేటప్పుడు ముందు చేతులే ఆనిస్తాం. అబ్బాయి పెద్ద బండి మీద కాకుండా తేలికైన దాని మీద నేర్చుకోండి.

ప్రశ్న: బెర్లిన్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. ఇక్కడ ఏ మోడల్ మంచిది?
- ఒక విద్యార్థి

జవాబు: ఏదీ కాదు. జర్మనీలో 2019 నిబంధనల ప్రకారం పట్టుకోవడానికి హ్యాండిలో కడ్డీయో ఉన్న బండికే రోడ్డు మీద అనుమతి. మీరు ఈ-స్కూటరో సైకిలో చూసుకోండి.