అన్నం మానేసిన నాలుగో రోజు

చిట్టి తల్లికి,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేసినప్పుడు ఒకపక్క బాబు కోసం పెట్టిన కుక్కర్ కూతలు, ఇంకోపక్క వాడి ఏడుపు. సగం మాటలు వినబడలేదు. విన్నంతలో నాకు అర్థమైంది ఇదీ: ఆదివారం నుంచి నువ్వూ అల్లుడూ ఇద్దరూ కీటో, అదే, అన్నం లాంటి పిండిపదార్థాలు బాగా తగ్గించి కొవ్వు ఎక్కువ తినే డైట్, మొదలుపెట్టారు. బుధవారానికల్లా నీకు తల పగిలిపోతోంది, మెట్లెక్కితే కాళ్ళు పీకేస్తున్నాయి. అల్లుడేమో "ఇది కీటో ఫ్లూ, ఒంట్లో చెడంతా బయటికి పోతోంది, ఓర్చుకో" అంటున్నాడు. ఫోన్లో చెబితే నువ్వు సగం విని "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నా.

ముందుగా, ఓర్చుకోవడానికి ఇదేమీ వ్రతం కాదు. చెడు పోవడం అంతకన్నా కాదు. నీ ఒంట్లోంచి పోతున్నది ఉప్పూ నీళ్ళూ.

మనం తిన్న పిండిపదార్థంలో కొంత గ్లైకోజెన్‌గా మారి కాలేయంలోనూ కండల్లోనూ నిల్వ ఉంటుంది. అంతా కలిపితే సుమారు 400 నుంచి 500 గ్రాములు. ఒక్కో గ్రాము దాదాపు మూడు గ్రాముల నీళ్ళని పట్టుకుని ఉంటుంది. అన్నం, ఇడ్లీ, చపాతీ ఆపేసేసరికి ఆ నిల్వ ఖర్చయిపోయి నీళ్ళు బయటికి పోతాయి. పైగా ఇన్సులిన్ తగ్గేసరికి కిడ్నీలు ఉప్పులోని సోడియాన్ని కూడా వదిలేస్తాయి. మూడు రోజుల్లో రెండు కిలోలు తగ్గానని సంబరపడ్డావు చూడు, అందులో చాలావరకు నీళ్ళే. ఆ మాట చెప్పి నీ ఉత్సాహం మీద నీళ్ళు చల్లాలని కాదు. నీ తలనొప్పి ఎక్కణ్ణించి వచ్చిందో తెలియాలని.

మనవాళ్ళకి ఇంకో చిక్కుంది, దీని గురించి ఎవరూ చెప్పరు. మన ఉప్పంతా అన్నం చుట్టూనే తిరుగుతుంది. పప్పు, చారు, ఆవకాయ, వడియం, మజ్జిగ... ఇవన్నీ అన్నంలోకే. అన్నం కంచంలోంచి తీసేస్తే వీటన్నిటికీ దారి మూసుకుపోతుంది. నువ్వు తింటున్నదేమిటి? రెండు ఉడకబెట్టిన గుడ్లు, కీరా ముక్కలు, పనీర్. వాటిలో ఉప్పెంత? దాని మీద ఎవరో చెప్పారని రోజుకి నాలుగైదు లీటర్ల నీళ్ళు తాగుతున్నానన్నావు. ఉప్పు లేకుండా అన్ని నీళ్ళు తాగితే ఉన్న సోడియం కూడా పలచబడుతుంది. తల దిమ్ము తగ్గకపోగా పెరుగుతుంది. దాహానికి సరిపడా తాగు, చాలు. లీటర్లు లెక్కపెట్టకు.

నీకు బీపీ లేదు, కిడ్నీల బాధా లేదు కాబట్టి నీకు చెబుతున్నా. గ్లాసుడు గోరువెచ్చటి నీళ్ళు, టీ చెంచాలో పావు వంతు ఉప్పు, అర నిమ్మచెక్క. పంచదార వద్దు. పొద్దున ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి. మధ్యలో పలచటి మజ్జిగలో ఉప్పు, అల్లం, కరివేపాకు వేసుకుని ఒక గ్లాసు. ఆదివారం మటన్ తెస్తే ఎముకలు మిరియాలేసి బాగా మరిగించి ఆ సూప్ తాగు. గంటలోపు తల తేలికపడిందంటే, ఆ నొప్పి ఉప్పు తగ్గి వచ్చిందని నీకే తెలుస్తుంది. దుకాణంలో 'తక్కువ సోడియం' అని అమ్మే ఉప్పు మాత్రం కొనకు. అందులో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకి, కిడ్నీ జబ్బున్నవాళ్ళకి అది ప్రమాదం. మీ అత్తగారు కూడా ఆ వంటే తింటారు కదా.

ఉప్పునీళ్ళు తాగినా తలనొప్పి కదలకపోతే ఒక ప్రశ్న. కాఫీ కూడా మానేశావా? మానేసే ఉంటావు. ఆఫీసులో రోజుకి నాలుగు కప్పులు తాగేదానివి, పాలూ పంచదారా కుదరవని ఒక్కరోజులో ఆపేసి ఉంటావు. కాఫీ అలవాటున్నవాళ్ళు ఉన్నపళంగా మానేస్తే ఒక రోజు తిరిగేలోపే తలనొప్పి పట్టుకుంటుంది, రెండో రోజు ఇంకా గట్టిగా ఉంటుంది, ఒక్కోసారి వారం దాకా వదలదు. నర్సుగా ఉన్నప్పుడు వార్డులో ఆపరేషన్ కోసం ఉపవాసం పెట్టిన పేషెంట్లు తల పట్టుకుని కూర్చుంటే, "మీకు కాఫీ అలవాటుందా?" అని అడిగేదాన్ని. చాలాసార్లు అవుననేవాళ్ళు. నీ తలనొప్పిలో సగం కీటోది కాదేమో చూడు. డికాక్షన్ పెట్టుకుని, పంచదార లేకుండా కాస్త మీగడ వేసి తాగు. అదేం నేరం కాదు.

ఇంక నా సంగతి. 2018 ఎండాకాలంలో మన వైపు ఏ పెళ్ళికి వెళ్ళినా కొబ్బరినూనె, నిమ్మకాయల డైట్ ముచ్చటే. నేనూ మొదలుపెట్టాను. ముప్పయ్యేళ్ళు నర్సుగా చేసినదాన్ని, నాకొకరు చెప్పాలా అనుకున్నాను. బీపీకి టెల్మిసార్టాన్‌తో పాటు నీళ్ళు పోగొట్టే మందు కూడా కలిసిన మాత్ర వేసుకునేదాన్ని. అయిదో రోజు తెల్లవారుజామున పాల ప్యాకెట్టు తీసుకుందామని గేటు దగ్గర వంగి లేచాను. కళ్ళముందు నల్లటి తెర పడింది. గేటు పట్టుకుని మెల్లగా జారి నేలమీద కూర్చున్నాను, పాల ప్యాకెట్టు ఒళ్ళో ఉంది, చల్లగా. ఆ చల్లదనం ఒక్కటే తెలుస్తోంది. మీ పెదనాన్న వచ్చి బీపీ చూస్తే 92/58. తిండి ఉప్పునీ నీళ్ళనీ తోడేస్తోంది, మాత్ర కూడా అదే పని చేస్తోంది. మందు డోసు సంగతి డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టిన తప్పు నాదే. పేషెంటుకైతే ఆ మాట మొదటే చెప్పేదాన్ని. డాక్టర్ మాత్ర మార్చి డోసు తగ్గించాక సర్దుకుంది.

నువ్వూ మంచం మీంచి దిగ్గున లేవకు. ఒక్క నిమిషం కూర్చుని లే.

రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయన్నావు. దానికీ మొదటి మందు ఉప్పే. తర్వాత మెగ్నీషియం కోసం గుప్పెడు గుమ్మడి గింజలు, నాలుగు బాదంపప్పులు, తోటకూరో పాలకూరో రోజూ ఉండాలి. మెగ్నీషియం మాత్రలు డాక్టర్‌ని అడిగే వేసుకో, ఎక్కువైతే విరేచనాలవుతాయి.

విరేచనాలంటే గుర్తొచ్చింది. కొబ్బరినూనె గ్లాసులో పోసుకుని ఒక్క గుక్కలో తాగకు. నేను తాగాను. ఆ పూట బ్యాంకులో లైన్లో నిలబడి ఉన్నాను, ఇంక ఆ కథ అడగకు. కూరలో వేసుకో, ఆమ్లెట్ దానితోనే వేసుకో, చెంచా చెంచాగా అలవాటు చెయ్యి. కొందరికి దీనికి పూర్తిగా ఎదురు, నాలుగైదు రోజులు కడుపు బిగుసుకుపోతుంది. పీచు తగ్గడమే కారణం. సొరకాయ, బీరకాయ, బెండకాయ, గోంగూర ఏవీ మానక్కర్లేదు. బీరకాయ పొట్టు పచ్చడి గుడ్డుతో తింటే ఎంత బాగుంటుందో. అప్పటికీ కదలకపోతే రాత్రి చెంచాడు ఇసబ్గోల్ గ్లాసు నిండా నీళ్ళలో కలుపుకుని తాగు.

నోటి వాసన గురించి మొహమాటపడి అడిగావు. అది అసిటోన్. కొవ్వు కరిగేటప్పుడు తయారయ్యే కీటోన్లలో అదొకటి, ఊపిరిలోంచి బయటికొస్తుంది. మా మనవడు "అమ్మమ్మా, నీ నోట్లో నెయిల్ పాలిష్ వాసన" అన్నాడు, సరిగ్గా అదే వాసన. పళ్ళు ఎన్నిసార్లు తోమినా పోదు, రెండు మూడు వారాల్లో చాలామందికి అదే తగ్గుతుంది. ఈలోపు లవంగం బుగ్గన పెట్టుకో.

నీరసానికి ఇంకో కారణం కూడా నాకు కనబడుతోంది. అన్నం మానేశావు, మంచిదే, కానీ నూనె అన్నా నెయ్యి అన్నా ఇంకా భయం పోలేదు నీకు. అన్నమూ కొవ్వూ రెండూ లేకపోతే అది కీటో కాదు, పస్తు. జిమ్ ఈ రెండు వారాలూ వద్దు, నడక చాలు. ఇంకా తట్టుకోలేకపోతే ఒక మెట్టు వెనక్కి వెయ్యి. రోజుకి ఇరవై గ్రాముల పిండిపదార్థం అని మొదటిరోజే దిగాల్సిన పని లేదు. ముందు వారం రాత్రి అన్నం, తర్వాత వారం పొద్దుటి టిఫిను, అలా దిగితే ఈ బాధల్లో చాలావాటిని తప్పించుకోవచ్చు. ఆదివారం ఒక్కపూట బిర్యానీ తినొచ్చా అన్నావు. తిను, కాకపోతే పోయిన గ్లైకోజెన్ మళ్ళీ నిండుతుంది, మంగళవారానికి మళ్ళీ తల పట్టుకుంటావు. ప్రతివారం ఈ మొదటివారమే అనుభవిస్తావా?

ఇప్పటిదాకా రాసింది నీకు. ఇక్కణ్ణించి అల్లుడి గురించి. ఇది జాగ్రత్తగా చదువు.

సంక్రాంతికి వచ్చినప్పుడు ఆయన మాత్రల డబ్బా చూశాను. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన షుగర్ మాత్ర ఒకటి ఉంది. గ్లిమిపిరైడ్ తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని బయటికి తోస్తుంది. పిండిపదార్థం లేకుండా అది వేసుకుంటే షుగర్ పడిపోవచ్చు. చెమట, వణుకు, గుండెదడ, చిరాకు, మాట తడబడటం. మీరు "కీటో ఫ్లూ" అని కూర్చుంటారు. అలా అనిపిస్తే వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కన్నా తక్కువ ఉంటే మూడు టీ చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి, పావుగంటకి మళ్ళీ చూడాలి. అప్పుడు డైట్ పాడైపోతుందని ఆలోచించకూడదు.

ఈ మధ్య డాక్టర్ ఇంకో మాత్ర రాశారని మీ అమ్మ చెప్పింది. ఆ ఇంకోటి ఏమిటో నాకు కావాలి. పేరు చివర 'గ్లిఫ్లోజిన్' అని ఉంటే (డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, ఏదైనా సరే) కీటోతో దానికి అస్సలు పడదు. ఆ మందు మీద ఉండి పిండిపదార్థం బాగా తగ్గిస్తే రక్తంలో కీటోన్లు విపరీతంగా పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. అసలు మోసం ఏమిటంటే, గ్లూకోమీటర్‌లో షుగర్ మామూలుగానో కొంచెం ఎక్కువగానో కనబడుతుంది, అంతే. వికారం, నీరసం, కడుపునొప్పి, అచ్చం కీటో ఫ్లూలాగే ఉంటుంది. వాంతులు ఆగకపోయినా, ఊపిరి వేగంగా బరువుగా వస్తున్నా, మగతగా ఉన్నా నిమ్మకాయ నీళ్ళతో గడపకండి. ఆస్పత్రికి వెళ్ళి, ఫలానా మాత్ర వేసుకుంటున్నాను, ఇన్ని రోజులుగా అన్నం తినడం లేదు అని రెండు మాటలూ చెప్పాలి, రక్తంలో కీటోన్లు చూడమని అడగాలి.

1921లో అమెరికాలో మేయో క్లినిక్ డాక్టర్ రసెల్ వైల్డర్ ఈ తిండిని మూర్ఛ రోగుల కోసం ప్రతిపాదించాడు. మూర్ఛ ఉన్న పిల్లలకి ఇప్పటికీ చాలాచోట్ల ఆస్పత్రిలో పెట్టుకుని, షుగర్ చూస్తూ మొదలుపెడతారు. మనం మాత్రం రీల్ చూసి ఆదివారం మొదలుపెడతాం.

కాబట్టి అల్లుడు ఇవాళ రాత్రి మామూలుగా అన్నం తినాలి. మాత్రలు సొంతంగా ఆపకూడదు, రేపు డాక్టర్‌తో మాట్లాడేదాకా కీటో మాత్రం ఆపాలి. నా మాటగా చెప్పు, నొచ్చుకుంటే నాతో మాట్లాడమను. నువ్వు కావాలంటే కొనసాగించు.

ఈ ఉత్తరం చదవగానే ఆ మాత్రల స్ట్రిప్పులు వెనక్కి తిప్పి, పేర్లు కనబడేలా ఫోటో తీసి పంపు. పదింటిదాకా మేలుకునే ఉంటాను. శనివారం మీ తమ్ముడు హైదరాబాద్ వస్తున్నాడు, గోంగూర పచ్చడి పంపిస్తున్నా. ఉప్పు కాస్త ఎక్కువే వేశాను, ఆమ్లెట్‌తో తిను.

పెద్దమ్మ